జన్నారం నులక, ఆర్హుస్ కుర్చీ

ఆ కుర్చీని నేను మొదట చూసింది తలకిందులుగా. ఆర్హుస్ శివార్లలో ఒక ఆటల హాల్లో లొప్పెమార్కెడ్ పెట్టారు. ఇంట్లో అక్కర్లేని సామాన్లు తెచ్చి బల్లల మీద పరిచి అమ్ముకునే సంతను డెన్మార్క్‌లో అలా అంటారు. ఒక పెద్దావిడ తన బల్ల పక్కన దాన్ని నాలుగు కాళ్ళూ పైకి వచ్చేలా బోర్లించి పెట్టింది. సీటు తాళ్ళు తెగి వేలాడుతున్నాయి. ఎవరో నీలం ప్లాస్టిక్ తాడుతో అడ్డదిడ్డంగా కట్టి కొన్నాళ్ళు నెట్టుకొచ్చినట్టున్నారు. వెనక కుడి కాలు పట్టుకుంటే కదులుతోంది.

నేను ఆగింది ఆ కాళ్ళ రంగు చూసి. టేకు. మాది మంచిర్యాల జిల్లా జన్నారం. కవ్వాల్ అడవి అంచున పెరిగినదాన్ని, టేకును ఎక్కడ చూసినా నా చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. చిన్నప్పుడు లేత టేకాకు తెంపి అరచేతుల్లో నలిపితే చేతులు ఎర్రబడేవి. గోరింటాకు దొరకని రోజుల్లో మాకు అదే గోరింటాకు. ఇంత చలిదేశంలో, ఎక్కడా ఒక్క టేకు చెట్టు కూడా మొలవని చోట, ఆ చెక్కను ముట్టుకుంటే నాకు ఏదో అయింది.

ధర అడిగితే 250 క్రోనర్లు అంది. మొత్తం ఆరు కుర్చీల సెట్టట, వాళ్ళ అమ్మానాన్నలు పెళ్ళయిన కొత్తలో కొన్నారట. అమ్మ పోయాక మంచివి ఐదు తోబుట్టువులు తీసుకున్నారు, విరిగింది తన వంతుకు వచ్చింది. "బాగు చేయించుకుంటావా?" అని అడిగింది. "నేనే చేసుకుంటాను" అన్నాను. అప్పటికి నాకు కుర్చీ అల్లడం రాదు. కానీ మా ఇంట్లో నులక మంచాలు అల్లడం చూస్తూ పెరిగాను కదా, ఇదీ అలాంటిదే అయ్యుంటుందని గట్టి నమ్మకం. ఆ నమ్మకం సగమే నిజమైంది.

ఇంటికి తెచ్చి టార్చి వేసి చూస్తే పట్టె లోపలివైపు కాల్చి వేసిన ముద్ర కనపడింది. సగం చెరిగిపోయినా తయారీదారు పేరు చదవగలిగాను. నీల్స్ ఓటో మొల్లర్ 1944లో ఈ ఆర్హుస్‌లోనే పెట్టిన కర్మాగారం అది. వెనక ఆనుకునే చెక్క వంపును బట్టి ఇది ఆయన 1951 నాటి నమూనా, 71వ నంబరు అని తేలింది. ఆ తరవాత 75 (1954), 77 (1959), 78 (1962) వచ్చాయి. ఇప్పటికీ ఈ నమూనాల్లో కొత్త కుర్చీలు తయారవుతూనే ఉన్నాయి. కాబట్టి ముద్ర చూసినంత మాత్రాన పాతది అనుకోకూడదు. నా కుర్చీ పాతదని చెప్పింది దాని రంగూ, పట్టెల లోపల పేరుకున్న దుమ్మూ, ఆ పెద్దావిడ మాటా.

ఆ రాత్రి జన్నారంలో ఉన్న మా నాన్నకు, మేం పిలిచేది బాపు అని, వీడియో కాల్ చేసి చూపించాను. ఫోను దగ్గరగా పెట్టమన్నారు. "టేకే బిడ్డా. మంచి చేవ ఉన్న కట్టె. అడుగున ఎవ్వలికి కనవడని కాడ జర గీకి వాసన చూడు" అన్నారు. చూశాను. చెప్పులు కుట్టే దుకాణం ముందు వచ్చే తోలు వాసన కొంచెం, నూనె వాసన కొంచెం. అదే వాసన. జన్నారంలో మా ఇంటి దర్వాజా వాసన.

ఇక్కడి చెక్క కాని చెక్క ఇక్కడివాళ్ళ గుర్తింపు ఎలా అయిందన్నది నన్ను మొదటినుంచీ తొలిచిన ప్రశ్న. డెన్మార్క్ వడ్రంగులు తరతరాలుగా పనిచేసింది బీచ్, ఓక్ చెక్కలతో. టేకు ఓడల్లో వచ్చింది. 1897లో హెచ్. ఎన్. ఆండర్సన్ అనే డెన్మార్క్ వ్యాపారి స్థాపించిన ఈస్ట్ ఏషియాటిక్ కంపెనీ సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి టేకు వ్యాపారం చేసేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సయాం, బర్మా టేకు ఇక్కడికి బాగా రావడం మొదలైంది. ఫిన్ యూల్ లాంటి డిజైనర్లు దాన్ని ముందుగా అందిపుచ్చుకున్నారు. కోపెన్‌హాగెన్‌లో వడ్రంగుల సంఘం 1927 నుంచి 1966 దాకా ఏటా ప్రదర్శన పెట్టేది. అందులో డిజైనరూ వడ్రంగీ కలిసి ఒక్కో వస్తువు చేసి చూపించేవారు. ఈ కుర్చీల అందమంతా ఆ జోడీలోంచి వచ్చిందని నా అభిప్రాయం. కాగితం మీద గీసినవాడికి ఉలి పట్టినవాడు పక్కనే ఉండి, ఇక్కడ సన్నబడితే విరుగుతుంది, ఇక్కడ ఇంకా తీసేయొచ్చు అని చెప్పేవాడు. నా కుర్చీ వెనక కాలిని చేత్తో కింది నుంచి పైకి తడిమితే ఆ సంభాషణ తెలుస్తుంది. పట్టె కలిసే చోట కాలు లావుగా ఉంటుంది. అక్కడి నుంచి పైకీ కిందికీ తెలియకుండా సన్నబడుతుంది. బలం కావలసిన చోటే చెక్క ఉంది.

పని మొదలుపెట్టింది అక్టోబరులో. ముందు పాత సీటు కోసెయ్యాలి. కోసే ముందు పైనుంచీ కిందనుంచీ పక్కలనుంచీ నలభై దాకా ఫొటోలు తీశాను. ఈ పని చెయ్యాలనుకునేవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. మళ్ళీ అల్లేటప్పుడు ఆ ఫొటోలే గురువు. తరవాత కత్తెరతో పడుగు పోగులు ఒక్కొక్కటే తెంపాను. తాళ్ళ మధ్య నుంచి రొట్టె పొడి, ఒక గుండీ, పిల్లల బొమ్మది ఎర్ర ప్లాస్టిక్ ముక్క రాలాయి. ఎన్ని రాత్రి భోజనాలు ఆ కుర్చీలో జరిగాయో అనిపించింది. ఆ గుండీ ఇంకా నా దగ్గరే ఉంది.

తాళ్ళు పోయాక పట్టెల లోపలి వైపు వరసగా చిన్న మేకులు కనపడ్డాయి, ఎల్ అక్షరంలా వంగినవి. ఈ అల్లకం గుట్టంతా వాటిలో ఉంది. మన నులక మంచంలో తాడు పట్టెను చుట్టుకుని అవతలికి పోతుంది. ఇక్కడ తాడు పట్టె మీదుగా వచ్చి, లోపలికి దిగి, ఆ మేకుకు తగులుకుని వెనక్కి తిరుగుతుంది. అందుకే సీటు అడుగున అనవసరమైన తాడు ఉండదు, బరువు పెరగదు. నా కుర్చీకి నాలుగు మేకులు ఊడిపోయి ఉన్నాయి, రెండు తుప్పు పట్టి వదులయ్యాయి. ఉన్నవాటిని పీకకుండా ఆ ఆరింటినే మార్చాను. పాత మేకుల దూరాలు చేయి తిరిగిన మనిషి కొలిచి కొట్టినవి. వాటిని పీకేస్తే ఆ కొలత మళ్ళీ మనకు దొరకదు.

ఇక కదిలే కాలు. ఇక్కడ నేను తప్పు చేశాను. కాలుకూ పట్టెకూ మధ్య సందులోకి జిగురు కారేలా పోసి, బిగించి, ఒక రాత్రి వదిలేశాను. తెల్లారి గట్టిగానే ఉంది. పది రోజులకు మా ఆయన దాని మీద చెయ్యి ఆనించి వంగితే టప్‌మని చప్పుడైంది, మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు కూర్చుని చదివితే అర్థమైంది. కొత్త జిగురు పాత జిగురు మీద పట్టదు, అది చెక్కలోకి ఇంకితేనే పడుతుంది. పైగా టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదలు తొందరగా పట్టకుండా, తేమకు కుళ్ళకుండా ఆ చెక్కను కాపాడే గుణాలే జిగురును దగ్గరకు రానివ్వవు.

రెండోసారి సరిగ్గా చేశాను. కాలుకు గుడ్డ చుట్టి రబ్బరు సుత్తితో లోపలి నుంచి మెల్లమెల్లగా తట్టి, కీలును పూర్తిగా విప్పాను. గుండ్రటి చెక్క మేకులు రెండు బయటికొచ్చాయి. వాటి మీద పాత జిగురు గాజు పెంకుల్లా పెళుసుబారి ఉంది. సన్న ఉలితో మేకుల మీదిదీ బెజ్జాల లోపలిదీ గీకి తీశాను. బెజ్జం పెద్దది కాకుండా చూసుకోవడమే ఇందులో కష్టం, అర మిల్లీమీటరు పెరిగినా మేకు వదులవుతుంది. తరవాత శుద్ధమైన ఎసిటోన్‌తో తుడిచాను. గుడ్డకు గోధుమ రంగు నూనె అంటింది. అది రావడం ఆగేదాకా తుడిచి, ఆరిన వెంటనే జిగురు పెట్టాను. ఆలస్యం చేస్తే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది.

బిగించడానికి నా దగ్గర అంత పెద్ద క్లాంప్ లేదు. బాపు చెప్పారు, "బండి మీద గడ్డి మోపును ఎట్ల బిగిస్తం? తాడు చుట్టు, కట్టె వెట్టి మెలివెయ్యి." పాత దుప్పటి చించి పేలికలు పట్టెల చుట్టూ కట్టి, మధ్యలో చెక్క గరిటె దూర్చి మెలితిప్పాను. కీలు సందులోంచి జిగురు సన్నటి గీతలా బయటికొచ్చింది. వెంటనే తడిగుడ్డతో తుడిచేశాను. జిగురు ఆరకముందే కుర్చీని చదునైన నేల మీద నిలబెట్టి నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయో లేదో, సీటు చట్రం ఎదురు మూలల దూరాలు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఆరాక చూస్తే చేసేదేమీ ఉండదు. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోలేదు. ఇప్పటిదాకా ఆ కీలు కదల్లేదు.

చెక్క శుభ్రం చెయ్యడం గురించి చాలా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కుర్చీలు పాడయ్యేది ఇక్కడే. కొత్తగా కనిపించాలన్న ఆశతో శాండ్ పేపర్ పట్టుకుంటాం. నేనూ పట్టుకున్నాను. మొదట వెనక ఎడమ కాలి మీద రంగు చుక్కలున్నాయని 120 నంబరు కాగితంతో రుద్దాను. చుక్కలు పోయాయి. వాటితోపాటు అరవై ఏళ్ళ రంగూ పోయింది. కింద బయటపడిన టేకు పసుపూ ఆకుపచ్చా కలిసిన వెలిసిన రంగులో, చారలు చారలుగా ఉంది. మిగతా కుర్చీ తేనె రంగులో ఉంటే ఆ కాలు మాత్రం వేరే కుర్చీది తెచ్చి పెట్టినట్టుంది. ఆ సాయంత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ రంగు ఎవరూ వేసింది కాదు, ఎండా గాలీ ఇచ్చింది. డబ్బాలో కొనలేం.

బాపు మాత్రం కంగారు పడలేదు. "కోసిన కొత్తల టేకు గట్లనే ఉంటది. ఎండ తగలనియ్యి, అదే వస్తది" అన్నారు. ఆయన అన్నట్టే కుర్చీని కిటికీ దగ్గర, ఆ కాలు వెలుతురు వైపు ఉండేలా పెట్టాను. చలికాలపు డెన్మార్క్‌లో ఎండ ఎంత ఉంటుంది, పొద్దున ఎనిమిదిన్నర దాటాక వచ్చి మధ్యాహ్నం మూడున్నరకే పోతుంది. అయినా ఫిబ్రవరి చివరికి చాలావరకు కలిసిపోయింది. తెలిసినవాళ్ళు దగ్గరగా చూస్తే ఇప్పటికీ పట్టుకోగలరు.

మిగతా మూడు కాళ్ళకూ వెనక చెక్కకూ శాండ్ పేపర్ దాదాపు వాడలేదు. గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు తురుము కలిపి, బాగా పిండిన గుడ్డతో తుడిచాను. నీళ్ళు టీ డికాషన్‌లా అయ్యాయి. చేతులు ఆనే చోట పేరుకున్న జిడ్డుకు సన్నటి స్టీల్ ఉన్నితో చెక్క చారల వెంబడే తేలిగ్గా రుద్దాను. రెండు రోజులు ఆరనిచ్చి పల్చగా నూనె పట్టించాను. టేకు నూనె అని అమ్మేదాంట్లో టేకు చెట్టుకు సంబంధించింది ఏమీ ఉండదు. మామూలుగా అది అవిసె నూనె లాంటి ఆరే నూనెల మిశ్రమం. పదిహేను నిమిషాలు ఉంచి, చెక్క పీల్చుకోగా మిగిలింది మొత్తం తుడిచెయ్యాలి. వదిలేస్తే జిగటగా గడ్డకట్టి దుమ్ము పడుతుంది. ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, ఉండలా ఉంటే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి పెట్టండి, లేదా బయట ఒక్కొక్కటే విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

నూనె తగలగానే చారలు పైకి తేలినప్పుడు మా అమ్మాయిని పిలిచి చూపించాను. "మ్యాజిక్ లా ఉంది" అంది. నాకూ అలాగే అనిపించింది.

ఇక తాడు. పేపర్ కార్డ్. డేనిష్‌లో పపీర్‌గార్న్. మూడు పేటలు కలిపి పేనిన గట్టి కాగితం, మూడు మిల్లీమీటర్ల మందం. యుద్ధకాలపు కొరతలో సముద్రపు గడ్డి తాడుకు బదులుగా వాడకంలోకి వచ్చి, తరవాత అదే స్థిరపడిపోయిందని చెబుతారు. బాపుకు చెబితే నమ్మలేదు. "కాగితమా? మనుషులు కూసునే కాడ కాగితమా?" నేను ఒక ముక్క పేట విప్పి, చదును చేసి చూపించాను. గోధుమ రంగు కాగితపు పట్టీ. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత "పేనిన తీరుల ఉంది బలం" అన్నారు. నేను ఇన్ని చదివినా అంత చక్కగా ఎవరూ చెప్పలేదు.

ఒక సీటుకు ఎంత పడుతుందో ఊహకు రావాలంటే, డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ ప్రఖ్యాత విష్‌బోన్ కుర్చీకి సుమారు 120 మీటర్ల తాడు పడుతుంది. నా కుర్చీ అల్లకం తీరు వేరు, కిలో పైచిలుకు పట్టింది. తాడును నీళ్ళలో నానబెట్టకూడదు, పేట విడిపోతుంది. స్ప్రే సీసాతో పైపైన తడిపి పది నిమిషాలు ఆగితే మెత్తబడి వంగుతుంది, ఆరాక బిగుసుకుంటుంది.

ముందు పడుగు. ముందు పట్టె నుంచి వెనక పట్టెకు జత జతగా తాడు వెయ్యాలి. వెనక మేకుకు తగిలించి, వెనక పట్టె మీదుగా ముందుకు లాగి, ముందు పట్టె దాటించి, దాని లోపలి మేకుకు తగిలించి, మళ్ళీ వెనక్కి. జతకూ జతకూ మధ్య పట్టెకు చుట్లు చుట్టాలి, లేకపోతే చెక్క కనపడుతుంది. ఇక్కడ ఒక లెక్క ఉంది. కుర్చీ సీటు చదరం కాదు, ముందు వెడల్పు, వెనక తక్కువ. కాబట్టి ముందు పట్టెకు ఎక్కువ చుట్లు, వెనక పట్టెకు తక్కువ చుట్లు పడతాయి. ఆ తేడా ఎక్కడో ఒకచోట కుప్పగా పడకుండా పట్టె పొడవునా పంచాలి. నేను రెండు పట్టెల మధ్య బిందువులూ పెన్సిల్‌తో గుర్తుపెట్టి, మధ్య నుంచి రెండు వైపులా లెక్కేసుకున్నాను. పాత ఫొటోల్లో చుట్లు లెక్కపెట్టి సరిచూసుకున్నాను.

మొదటి రోజు నాలుగు గంటల్లో పడుగు సగం అయింది. చూపుడు వేళ్ళ మీద బొబ్బలు. కాగితపు తాడు మెత్తగా కనిపిస్తుంది గానీ లాగేటప్పుడు చర్మాన్ని కోస్తుంది. రెండో రోజు నుంచి వేళ్ళకు గుడ్డ ప్లాస్టర్ చుట్టుకున్నాను.

పడుగు అయ్యాక బాపుకు మళ్ళీ కాల్. ఫోనును కుర్చీ పక్కన పెట్టి, "వేలితోని మీటుకుంట రా, నేను ఇంట" అన్నారు. ఎడమ నుంచి ఒక్కో జత మీటుతూ వచ్చాను. తుం, తుం, తుం. మధ్యలో రెండు జతల దగ్గర శబ్దం దిగిపోయింది, తడిసిన డప్పులా. నేను ఇంకా గమనించకముందే ఆయన "ఆగు" అన్నారు. "గా రెండు ఇప్పు. గట్లనే ఇడిస్తే రేపు కుక్కి మంచమైతది." జన్నారంలో ఆయన మంచం అల్లేటప్పుడు కూడా ఇంతే. ఇద్దరు మనుషులు, ఒకరు తాడు అందిస్తారు, ఒకరు లాగుతారు. వరస అయినప్పుడల్లా అరచేత్తో కొట్టి చూసేవారు. ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఆయన చెవి పనిచేసింది. విప్పి మళ్ళీ లాగాను. ఈసారి శబ్దం కలిసింది.

పేక అల్లడం నెమ్మదైన పని. ఎడమ మేకుకు తాడు తగిలించి, మడిచిన తాడు మొనను పడుగు జతల్లో ఒకదాని పైనుంచీ ఒకదాని కిందనుంచీ దూర్చుకుంటూ కుడివైపుకు తేవాలి. పట్టె మీదుగా దింపి లోపలి మేకుకు తగిలించాలి. తరవాతి వరసలో పైన పోయినది కిందికి, కింద పోయినది పైకి. మొదట్లో వేళ్ళతోనే దూరింది. సీటు నిండేకొద్దీ పడుగు బిగుసుకుంటుంది. చివరి ఏడెనిమిది వరసలకు ఒక్కో వరస పావుగంట పట్టింది. అందుకు మొన గుండ్రంగా చేసిన చెక్క స్పూను ఒకటి వాడాను. దాంతో పడుగును కొంచెం పైకెత్తి తాడు దూర్చడం, ప్రతి వరస అయ్యాక దాంతోనే వరసను ముందుకు నెట్టి సర్దడం.

పద్నాలుగో వరసలో ఒక జత తప్పాను. కింద పోవలసింది పైన పోయింది. అది కనపడింది పంతొమ్మిదో వరస దగ్గర, వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు. మా ఆయన "ఎవరికీ కనపడదు, వదిలెయ్యి" అన్నారు. నాకు కనపడుతుంది కదా. రోజూ భోజనానికి కూర్చున్నప్పుడల్లా నా కన్ను అక్కడికే పోతుంది. ఐదు వరసలూ విప్పాను. విప్పిన తాడు మళ్ళీ వాడితే నలిగిన చోట తేలిపోతుంది కాబట్టి ఆ ముక్క కోసేసి కొత్త తాడు ముడివేశాను. ముళ్ళన్నీ పట్టె లోపలివైపు, కింద పడేలా చూసుకోవాలి. పైకి వస్తే కూర్చున్నవాళ్ళకు గుచ్చుకుంటాయి.

మూడు వారాంతాలు, మొత్తం పంతొమ్మిది గంటలు. ఆఖరి వరస తగిలించాక సీటు మీద సన్నగా నీళ్ళు చల్లి రాత్రంతా ఆరనిచ్చాను. తెల్లారి అరచేత్తో కొడితే డప్పు మోగినట్టు మోగింది. కూర్చున్నాను. అంచులు గట్టిగా నిలబడ్డాయి, మధ్య కొంచెం ఒదిగింది. కుషన్ మీద కూర్చున్నట్టుండదు, కింద నుంచి గాలి తగులుతుంది. నులక మంచం మీద కూర్చున్న హాయి అది. వెనక చెక్క సరిగ్గా నడుము పైభాగంలో ఆనింది. మొల్లర్ ఆ వంపును ఎందుకంత శ్రద్ధగా తీశాడో వీపుకు తెలిసింది.

కాగితమే కాబట్టి జాగ్రత్తలు ఉన్నాయి. మోకాలు మోపకూడదు, బల్బు మార్చడానికి ఎక్కి నిలబడకూడదు. పప్పో చారో ఒలికితే రుద్దకుండా వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. ఇంతకుమించి ఏమీ లేదు. శ్రద్ధగా వాడితే దశాబ్దాలు ఉంటుందని పాత సీటే సాక్ష్యం.

ఈ సంగతి తెలిసి హైదరాబాద్‌లో ఉన్న స్నేహితులు ఇద్దరు తమకూ పాత డేనిష్ కుర్చీలు పంపమని అడిగారు, అందులో ఒకరు రోజ్‌వుడ్‌వే కావాలన్నారు. టేకు అయితే తెచ్చుకోవచ్చు. ఆ కాలపు రోజ్‌వుడ్ కుర్చీల్లో చాలావరకు బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెట్టు 1992 నుంచి సైటిస్ ఒప్పందంలో, అంటే అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కలూ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందంలో, మొదటి జాబితాలో ఉంది. సరైన పత్రాలు లేకుండా దేశం దాటించడం నేరం. అందంగా ఉందని కొనేసి తరవాత టెన్షన్ పడకుండా ముందే కనుక్కోవాలి.

జూన్‌లో అమ్మా బాపూ వచ్చారు. ఇంట్లోకి రాగానే బాపు కాళ్ళు కడుక్కుని నేరుగా కుర్చీ దగ్గరకు వెళ్ళారు. కూర్చోలేదు. ముందు దాన్ని తిప్పి బోర్లించారు, నేను మొదటిసారి చూసినట్టే, నాలుగు కాళ్ళూ పైకి. బొటనవేలితో మేకుల వరస తడిమారు. నేను ముడివేసిన చోటు దొరికింది, అక్కడ వేలు ఆగింది, తల ఊపారు. నేను గరుకు కాగితంతో పాడుచేసిన కాలు కూడా ఆయనే పట్టుకున్నారు, ఏమీ అనలేదు. తరవాత నిలబెట్టి, కూర్చుని, రెండు చేతులూ ముందు పట్టె మీద పెట్టి, "బిగి బానే ఉంది. ఈ ఎడమ మూల జర ఒదులైంది" అన్నారు. నిజమే. చివరి వరసలు అక్కడే ముగించాను, అప్పటికి చేతుల్లో సత్తువ లేదు.

ఉన్నన్ని రోజులూ ఆ కుర్చీలోనే కూర్చున్నారు. వెళ్ళే ముందు మిగిలిన తాడు ఎంత ఉందని అడిగారు. పావు చుట్టకు పైగా ఉంది. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళారు. జన్నారంలో అమ్మ కూర్చునే చిన్న టేకు పీటకు నులక పోయి చాలా రోజులైంది, దానికి అల్లారు. ఎల్ మేకులు లేకుండా, మంచానికి అల్లినట్టు పట్టె చుట్టూ తిప్పి. ఫొటో పంపారు. అల్లకం నాదానికన్నా నున్నగా ఉంది.

ఇప్పుడక్కడ వానలు పడుతున్నాయి. కాగితం తేమ పీల్చుకుంటుంది కదా అని నా భయం. నిన్న అడిగితే, "రోజు మీటి చూస్తున్న. ఇంక మోగుతనే ఉంది" అన్నారు.